ఇంటి ముందు కారవాన్, లోపల చెమ్మ: చలికాలం ప్రశ్నలకు జవాబులు

చలి ముదిరేకొద్దీ ఈ శీర్షికకి కారవాన్ల (కారు వెనక తగిలించి తీసుకెళ్ళే చక్రాల ఇళ్ళ) గురించి ఉత్తరాలు పెరుగుతుంటాయి. వేసవంతా తిరిగొచ్చి, ఇంటి ముందో పక్కనున్న ఖాళీలోనో బండిని నిలబెట్టేసి, ఇక వసంతం దాకా దాని జోలికి వెళ్ళక్కర్లేదనుకునేవాళ్ళు కొందరు. రాత్రిపూట లేచి కిటికీలోంచి దాన్ని ఓసారి చూసుకుని మళ్ళీ పడుకునేవాళ్ళు ఇంకొందరు. ఇద్దరికీ చెప్పేది ఒకటే. చలి తనంతట తాను కారవాన్‌ని పెద్దగా ఏమీ చెయ్యదు, పాడుచేసేదంతా నీళ్ళే: పైపుల్లో మిగిలిపోయి గడ్డకట్టేవి, కిటికీ అంచు పగుల్లోంచి గోడలోకి దిగేవి, గాలి ఆడక కుషన్ల వెనకాల చెమ్మగా పట్టేవి. ఈసారి ప్రశ్నల్లో బ్యాటరీ, టైర్లు, ఎలుకలు కూడా ఉన్నాయి గానీ ఎక్కువ చోటు నీళ్ళకే పోయింది, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: నీళ్ళ ట్యాంకు ఖాళీ చేశాను, కొళాయిలు తిప్పితే చుక్క కూడా రావట్లేదు. ఇంక భయం లేదు కదా? పోయిన ఏడాది కూడా ఇలాగే చేశాను, అయినా వసంతంలో మొదటిసారి పంపు వేయగానే కిచెన్ కొళాయి కింద నుంచి నీళ్ళు కారాయి.

జవాబు: మీ ప్రశ్నలోనే జవాబు ఉందండీ. కొళాయిలో నీళ్ళు రాకపోవడం అంటే ట్యాంకులో నీళ్ళు లేవని మాత్రమే, పైపుల్లో లేవని కాదు. పంపు తోయడం ఆగిపోయాక లోపలున్నవి ఉన్నచోటే నిలిచిపోతాయి: గీజర్‌లో, పైపు వంపుల్లో, పంపులో, ఫిల్టరులో, కొళాయి లోపలి గుల్లలో. నీళ్ళు గడ్డకడితే దాదాపు 9 శాతం పెరుగుతాయి, ఆ పెరిగిన దానికి చోటు లేకపోతే ప్లాస్టిక్ పగులుతుంది. అది పగిలిన రోజున మీకు తెలియదు, గడ్డగా ఉన్నప్పుడు కారదు కదా. తెలిసేది వసంతంలోనే.

చెయ్యాల్సింది ఇది. ముందు గీజర్ ఆపి నీళ్ళు చల్లారనివ్వండి, వేడి నీళ్ళు కింద నుంచి కాళ్ళ మీద పడితే బొబ్బలెక్కుతాయి. తర్వాత పంపు స్విచ్ ఆపండి. గీజర్‌కి కింద ఒక డ్రెయిన్ వాల్వ్ ఉంటుంది, ఎక్కువ బండ్లలో సీటు కిందో బీరువా అడుగునో చిన్న మీటలా కనిపిస్తుంది, అది తెరవండి. కానీ పైన కొళాయిలు మూసి ఉంటే గాలి లోపలికి దూరక నీళ్ళు సరిగ్గా దిగవు, కాబట్టి అన్ని కొళాయిలూ తెరవాలి. వేడికీ చల్లటికీ ఒకే హ్యాండిల్ ఉన్న కొళాయిని పైకెత్తి, సరిగ్గా మధ్యలో ఉంచాలి, ఒక పక్కకి తిప్పి వదిలేస్తే రెండో పక్క పైపు మూసుకునే ఉంటుంది. చాలామంది చేజార్చేది ఇక్కడే, మీ కిచెన్ కొళాయి కథ కూడా ఇదే అయ్యుంటుందని నా అనుమానం. షవర్ తలని కొక్కెం నుంచి తీసి నాలుగు విదిలింపులు విదిలించి కింద ట్రేలో పడెయ్యండి. బయట నీళ్ళ డబ్బాలో ముంచే పంపు అయితే దాన్ని తీసి గొట్టంతో సహా విదిలించి ఇంట్లోకి తెచ్చుకోండి. లోపల బిగించిన పంపు అయితే కొళాయిలు తెరిచే ఉంచి, కొన్ని సెకన్లు మాత్రం నడిపి ఆపెయ్యండి, లోపలున్నది ఊడ్చుకుపోతుంది. ఎక్కువసేపు పొడిగా నడిపితే పంపే పోతుంది. ఫిల్టరు ఉంటే తీసి పారెయ్యండి, వసంతంలో ఎలాగూ కొత్తది వెయ్యాలి.

ఇదంతా అయ్యాక ముందున్న జాకీ చక్రంతో బండి ముక్కుని కాసేపు పైకి లేపి, కాసేపు కిందికి దించి చూడండి. ఇంకో లోటాడు నీళ్ళు బయటికొస్తాయి, పందెం. కొళాయిలూ వాల్వూ చలికాలమంతా తెరిచే ఉంచాలి.

ఇంకో మాట. కొన్ని గీజర్లకి చలి 3 డిగ్రీల దాపులకి వస్తే తనంతట తానే తెరుచుకుని నీళ్ళు వదిలేసే వాల్వ్ ఉంటుంది. అది ఉందని నిశ్చింతగా ఉండేవాళ్ళు ఉన్నారు. అది కాపాడేది గీజర్‌ని, మిగతా కొళాయిల్ని కాదు.

సింకు కింద వంపులో నిలిచే కాసిని నీళ్ళ కోసం కొందరు యాంటీఫ్రీజ్, అంటే నీళ్ళని గడ్డకట్టనివ్వని ద్రవం, పోస్తారు. పోస్తే ప్రొపిలీన్ గ్లైకాల్‌తో చేసిన, విషం కాని రకమే పొయ్యండి. కారు రేడియేటర్‌లో పోసేది ఎక్కువగా ఇథిలీన్ గ్లైకాల్, అది విషం, తాగే నీళ్ళు పారే దారిలోకి ఎట్టి పరిస్థితిలోనూ పోకూడదు. టాయిలెట్ కింద మురికి చేరే డబ్బాని (క్యాసెట్) ఖాళీ చేసి కడిగి, ఫ్లష్ ట్యాంకు కూడా వంపేసి, మూత పలకని సగం తెరిచి వదిలెయ్యండి, మూసి ఉంచితే రబ్బరు సీలు అతుక్కుపోతుంది. ఆ సీలుకి వాజలీన్ రాయకండి, రబ్బరు ఉబ్బి పాడవుతుంది. సిలికాన్ స్ప్రే చాలు.

ప్రశ్న: వాన పడకుండా పెద్ద నీలం టార్పాలిన్ కప్పి, తాళ్ళతో గట్టిగా బిగించాం. చూడ్డానికి పార్సిల్ కట్టినట్టు భలే ఉంది. మా బావగారు వచ్చి చూసి వెంటనే తీసెయ్యమంటున్నారు. ఆయనకి ప్రతిదానికీ ఏదో ఒకటి అనడం అలవాటు. ఎవరి మాట వినాలి?

జవాబు: ఈ ఒక్కసారికీ బావగారి మాట వినండి. ప్లాస్టిక్ టార్పాలిన్ బయటి నీళ్ళని ఆపుతుంది, నిజమే, కానీ లోపలి చెమ్మని కూడా అంతే గట్టిగా ఆపుతుంది. పగలు ఎండకి కాస్త వేడెక్కి, రాత్రి చల్లబడి, దాని లోపలి వైపు నీటి బొట్లు కట్టి, అవి మళ్ళీ బండి మీదే పడుతుంటాయి. పైగా గాలికి అది ఊరికే ఉండదు, రాత్రంతా కొట్టుకుంటుంది. తాడు బిగించిన చోటల్లా పెయింటు అరుగుతుంది. కారవాన్ కిటికీలు గాజువి కావు, చాలావరకు అక్రిలిక్, మెత్తటివి, దాని మీద దుమ్ము చేరి పైన టార్పాలిన్ కదులుతుంటే ఉప్పుకాగితం పెట్టి రుద్దినట్టే.

కప్పాలనుకుంటే కారవాన్ల కోసమే కుట్టిన, గాలి ఆడే గుడ్డ కవరు కొనండి, బండి పొడవుకి సరిపోయే కొలతలో. వదులుగా ఉన్నది వద్దు. కప్పే ముందు బండిని కడగడం, పూర్తిగా ఆరనివ్వడం తప్పనిసరి, మట్టి మీద కవరు వేస్తే పైన చెప్పిన గీతలే పడతాయి. కిటికీలు తుడిచేటప్పుడు మామూలు గాజు క్లీనర్లు వాడకండి, వాటిలోని ఆల్కహాల్‌కి అక్రిలిక్ మీద సన్నటి వెంట్రుక పగుళ్ళు వస్తాయి, ఒకసారి వచ్చాయంటే పోవు. సబ్బు నీళ్ళు, మెత్తటి గుడ్డ, అంతే. ప్రెషర్ వాషర్‌ని కిటికీ అంచుల మీదా అతుకుల మీదా పెట్టకండి.

నన్నడిగితే కవరు లేకపోయినా ఏమీ మునిగిపోదు. మంచి కవరు లేకపోతే అసలు కవరు లేకుండా వదిలెయ్యడం టార్పాలిన్ కన్నా నయం. నెలకోసారి ఆకులు దులిపి, పైన పచ్చగా పాచి పట్టకుండా చూసుకుంటే చాలు. చెట్టు కింద మాత్రం పెట్టకండి, జిగురూ రెట్టలూ కడగలేక విసుగొస్తుంది, కొమ్మ పడితే ఆ సంగతి వేరే చెప్పాలా.

మంచు బాగా పడే చోట ఉన్నవాళ్ళకి: 10 సెంటీమీటర్ల తడి మంచు చదరపు మీటరుకి 30 కిలోల పైమాటే. 6 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు ఉన్న పైకప్పు మీద ఎంతవుతుందో లెక్కేసుకోండి. నేల మీద నుంచొని, పొడుగు కర్రకి కట్టిన మెత్తటి చీపురుతో లాగెయ్యండి. పైకెక్కకండి, ఆ కప్పు మనిషి బరువుకి చేసింది కాదు. వేడినీళ్ళు పొయ్యకండి.

ప్రశ్న: లోపల చెమ్మ వాసన రాకుండా ఉండడానికి రెండు మూడు రోజులకోసారి చిన్న గ్యాస్ హీటరు తీసుకెళ్ళి ఓ గంట వెలిగిస్తున్నాను. చల్లగాలి రాకుండా నేలలో ఉన్న రంధ్రాలకి టేపు కూడా వేశాను. అయినా కిటికీల మీద నీళ్ళు ధారగా కారుతున్నాయి. ఎందుకని?

జవాబు: ముందు ఆ టేపు పీకెయ్యండి, ఈ జవాబు మిగతాది తర్వాత చదవొచ్చు. ఆ రంధ్రాలు గాలి కోసమూ, గ్యాస్ ఎక్కడైనా లీకైతే కిందికి పోవడానికీ పెట్టినవి. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, నేల మీదే పరుచుకుంటుంది. అవి మూసేసి లోపల మంట వెలిగించడమంటే కార్బన్ మోనాక్సైడ్‌ని పిలిచి కూర్చోబెట్టుకోవడమే, దానికి రంగూ వాసనా ఉండవు.

ఇక నీళ్ళ సంగతి. గ్యాస్ మండితే నీటి ఆవిరి పుడుతుంది. 1 కిలో ప్రొపేన్ మండితే సుమారు 1.6 కిలోల నీళ్ళు, అంటే మీరు ఆరబెట్టడానికని వెలిగించిన హీటరే లోపల చెంబులకొద్దీ నీళ్ళు పోస్తోంది. బండిలో బిగించిన హీటర్లతో ఈ బాధ లేదు, వాటి పొగ గొట్టం బయటికి ఉంటుంది కాబట్టి ఆవిరి కూడా దాన్లోంచే పోతుంది. విడిగా తీసుకెళ్ళి పెట్టే గ్యాస్ హీటర్లకి ఆ దారి లేదు. అదీగాక, ఒక గంట వేడి చేసి ఆపెయ్యడం వల్ల గాలి వేడెక్కి చెమ్మని పీల్చుకుంటుంది, ఆపగానే చల్లటి గోడ మీద ఆ చెమ్మనంతా వదిలేస్తుంది. చలికాలమంతా సన్నగా వేడి ఉంచగలిగితే మంచిదే, లేకపోతే అసలు వేడి చెయ్యకుండా గాలి ఆడనివ్వడం మంచిది. మధ్యస్థంగా చేసేదే చెరుపు.

గాలి ఆడనివ్వడమంటే: బీరువా తలుపులు, సీట్ల కింది అరలు, బాత్రూం తలుపు అన్నీ తెరిచి ఉంచండి. ఫ్రిజ్ తలుపుకి కొంచెం తెరిచి ఆపే గొళ్ళెం ఉంటుంది, దాంట్లో పెట్టండి, మూస్తే లోపల నల్ల బూజు ఖాయం. కుషన్లూ పరుపులూ ఇంట్లో చోటుంటే ఇంట్లోకి తెచ్చేసుకోండి, అదే అన్నిటికన్నా మంచిది. చోటు లేకపోతే నిలువుగా, బయటి గోడకి ఆనకుండా, ఒకదానికొకటి తగలకుండా నుంచోబెట్టండి. దుప్పట్లు, తువ్వాళ్ళు, పుస్తకాలు ఏవీ ఉంచకండి, చెమ్మని పీల్చుకుని కూర్చునేవన్నీ అవే. మడిచే పరదాలని తెరిచే ఉంచండి, లాగి ఉంచితే స్ప్రింగు నీరసపడుతుంది.

చెమ్మ పీల్చే డబ్బాలు కొందరు పెడతారు, కాల్షియం క్లోరైడ్ ఉండేవి. పనిచేస్తాయి, కానీ అద్భుతాలు ఆశించకండి, బండిలో గాలి వచ్చిపోతూనే ఉంటుంది కాబట్టి అవి బయటి లోకాన్నంతా ఆరబెట్టలేవు. కింద చేరిన నీళ్ళు వంపెయ్యడం మర్చిపోతే, అవి ఒలికిపోతే మాత్రం పెద్ద తలనొప్పి, ఆ ఉప్పునీళ్ళు పడిన కార్పెట్ ఎన్నాళ్ళైనా ఆరదు, ఇనుము తుప్పు పడుతుంది. సింకులో పెట్టండి, ఒలికినా అందులోనే ఉంటుంది. గాలిలోని చెమ్మని లాగే కరెంటు డీహ్యూమిడిఫయర్ కొనేవాళ్ళు డెసికెంట్ రకం, అంటే చెమ్మని పీల్చే పదార్థంతో పనిచేసేది, చూసుకోండి, కంప్రెసర్ రకం చలిలో తనమీద తనే మంచు పేర్చుకుంటూ కూర్చుంటుంది.

ప్రశ్న: బ్యాటరీ ఇంటికి తెచ్చేసుకోవాలా, బండిలోనే ఉంచొచ్చా?

జవాబు: మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే ఎక్కడున్నా ఫరవాలేదు, నిండా చార్జ్ ఉండటమే ముఖ్యం. నిండుగా ఉన్నది మైనస్ 50 డిగ్రీల్లో కూడా గడ్డకట్టదు, ఖాళీ అయినది మైనస్ 7, 10 డిగ్రీలకే గడ్డకట్టి పగులుతుంది. లోపల యాసిడ్‌తో పాటు ఉన్నది నీళ్ళే, చార్జ్ దిగేకొద్దీ ఆ నీళ్ళ పాలు పెరుగుతుంది. ఇక్కడా అదే గొడవ.

మీటరు పెట్టి చూడండి, చార్జర్ తీసేసిన కొన్ని గంటల తర్వాత. 12.7 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.4 అంటే దాదాపు ముప్పావు వంతు, దానికన్నా తగ్గితే చార్జ్ పెట్టాల్సిందే. 12.2కి సగమైనట్టు, అలా వారాల తరబడి వదిలేస్తే లోపల పలకల మీద సల్ఫేట్ పేరుకుని తర్వాత ఎంత చార్జ్ పెట్టినా నిలవదు. అన్నీ ఆపేశాం కదా ఎందుకు దిగుతుంది అంటారు: అలారం, ట్రాకర్, రేడియో గడియారం ఇవన్నీ రాత్రింబగళ్ళు చప్పరిస్తూనే ఉంటాయి. కారు లేకుండా బండిని కదిపే మూవర్ మోటారు ఉంటే దానికి కరెంటు తెంచే స్విచ్ (ఐసొలేటర్) కూడా ఆపండి. అలారం కోసం బ్యాటరీ బండిలోనే ఉండాల్సి వస్తే చిన్న సోలార్ ప్యానెల్‌కో, దానంతట అది ఆగే చార్జర్‌కో కలిపి ఉంచండి.

లిథియం బ్యాటరీ అయితే లెక్క వేరు. దాన్ని సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు చార్జ్ చెయ్యకూడదు, సెల్స్ లోపల శాశ్వతంగా దెబ్బతింటాయి. సగం చార్జ్‌తో, గడ్డకట్టని చోట ఉంచితే నెలలు హాయిగా ఉంటుంది. దీన్ని మాత్రం ఇంట్లోకి తెచ్చుకోమనే అంటాను.

ప్రశ్న: హ్యాండ్ బ్రేక్ వేసి ఉంచాలని ఒకరు, వెయ్యకూడదని ఒకరు. ఈ ఒక్క విషయం మీదే రెండు ఉత్తరాలు వచ్చాయి, రెండూ కోపంగానే. ఒకాయన, బ్రేకు వదిలేస్తే బండి రోడ్డు మీదికి పోతుందని. ఇంకొకావిడ, పోయినేడు వేసి ఉంచితే వసంతంలో చక్రాలు తిరగనే లేదని.

జవాబు: ఇద్దరూ తమ తమ నేల మీద నిలబడి మాట్లాడుతున్నారు. చదును నేల అయితే రెండు చక్రాలకీ ముందూ వెనకా అడ్డు దిమ్మలు గట్టిగా పెట్టి బ్రేకు వదిలెయ్యండి, లేదంటే చెమ్మకి బ్రేక్ షూలు డ్రమ్ముకి తుప్పుతో అతుక్కుపోతాయి, ఆవిడకి జరిగింది అదే. వాలు ఉంటే బ్రేకు వెయ్యక తప్పదు, దిమ్మలతో పాటు. అప్పుడు వీలు చిక్కినప్పుడల్లా, కారు తగిలించి ఉండగానో ఇంకొకరు తోడుండగానో, బ్రేకు వదిలి బండిని ఓ అడుగు కదిపి మళ్ళీ వెయ్యండి. ఆ కదపడం టైర్లకి కూడా మంచిది, ఒకే చోట నెలల తరబడి ఆనితే ఆ భాగం చదునవుతుంది. చలికాలానికి ముందు టైర్లలో గాలి కంపెనీ చెప్పినంత నిండుగా పెట్టండి. పనిలో పనిగా టైరు పక్కన ఉండే నాలుగంకెలు చూడండి, 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. కారవాన్ టైర్లు అరిగి చచ్చిపోవు, ముసలై చచ్చిపోతాయి, గాడి ఎంత లోతుగా ఉన్నా ఏడేళ్ళు దాటితే మార్చెయ్యండి.

నాలుగు మూలలా దించే కాళ్ళు బండిని కదలకుండా ఉంచడానికే, ఎత్తడానికి కాదు. చక్రాల మీది బరువు తగ్గిద్దామని వాటితో పైకి లేపితే చట్రం వంగుతుంది. చక్రాలు తీసేసేవాళ్ళు యాక్సిల్ స్టాండ్ల మీద, కంపెనీ చూపించిన చోటే నిలబెట్టండి. తిరిగి బిగించేటప్పుడు టార్క్ రెంచ్ (నట్టుని కావాల్సినంత బిగువుకే బిగించే పానా) వాడండి, 50 కిలోమీటర్లు నడిచాక మళ్ళీ ఒకసారి చూడండి. చక్రాలు తీసేస్తే కొన్ని వీల్ లాకులు పెట్టడానికి కుదరదు, మీ ఇన్సూరెన్స్ కాగితంలో వీల్ లాక్ తప్పనిసరి అని ఉంటే ముందు వాళ్ళని అడిగి అప్పుడు పానా పట్టుకోండి.

బండి ముక్కు కొంచెం పైకో కిందికో ఉండేలా నిలబెట్టండి, సరిగ్గా రసమట్టం పెట్టినట్టు చదునుగా ఉంటే పైకప్పు మీద నీళ్ళు నిలుస్తాయి.

ప్రశ్న: గ్యాస్ సిలిండర్లు ఇంటి కింది గదిలో పెట్టొచ్చా?

జవాబు: వద్దు. పైనే చెప్పాను, ఆ గ్యాస్ బరువైనది, లీకైతే కింది గదిలో గుంటలో నీళ్ళలా నిలుస్తుంది, ఒక్క స్విచ్ నిప్పురవ్వ చాలు. బయట, గాలి ఆడే చోట, నిలువుగా పెట్టండి, ఖాళీవి కూడా. విప్పిన గొట్టం చివర చిన్న ప్లాస్టిక్ సంచి కట్టి రబ్బరు బ్యాండు వెయ్యండి, సాలీళ్ళకి ఆ సందులంటే మహా ఇష్టం.

ప్రశ్న: ఎలుకలు రాకుండా అన్ని మూలలా కలరా ఉండలు వేశాం. చాలా?

జవాబు: ఎలుకల సంగతేమో గానీ వచ్చే వేసవిలో మీరే లోపల కూర్చోలేరు. ఆ వాసన కుషన్లలోకి పోయిందంటే నెలల తరబడి వదలదు, మూసిన చోట ఆ ఆవిరి పీల్చడం ఆరోగ్యానికీ మంచిది కాదు, తీసి పారెయ్యండి. చుండెలుక పెన్సిల్ పట్టేంత సందులోంచి దూరుతుంది, 6 మిల్లీమీటర్లు చాలు. నేల కింద పడుకుని టార్చి వేసి చూడండి, పైపులూ వైర్లూ లోపలికి వెళ్ళే చోట చుట్టూ ఖాళీ ఉంటుంది, అక్కడ స్టీలు పీచు గట్టిగా కుక్కి పైన సీలెంట్ (సందులు మూసే జిగురు) వెయ్యండి. గాలి రంధ్రాల్లో మాత్రం కుక్కకండి. తినేవన్నీ తీసెయ్యండి, డబ్బాలో ఉన్నవి కూడా, బిస్కెట్ పొడి కూడా వాక్యూమ్ చెయ్యండి. విషం పెట్టేవాళ్ళకి ఒక మాట: అది తిని చచ్చేది గోడ పొరల మధ్య, మీ చెయ్యి అందని చోట.

ప్రశ్న: పాత కారవాన్ కొన్నాం. తలుపు దగ్గర నేల మీద కాలు పెడితే మెత్తగా దిగుతోంది. వెనక మూల గోడ కాగితం కూడా కొంచెం ఉబ్బింది. చలికాలం అయ్యాక చూపిద్దామా?

జవాబు: ఇవి రెండూ ఒకే రోగం కావండీ, రెండూ విడివిడిగా చూడాలి. తలుపు దగ్గర నేల మెత్తబడడం చాలాసార్లు నీళ్ళ వల్ల కాదు. నేలంటే పైనా కిందా ప్లైవుడ్, మధ్యలో ఫోమ్, అన్నీ జిగురుతో అతికించినవి. ఎక్కువ నడిచే చోట ఆ అతుకు వదులుతుంది. పై పలకకి చిన్న రంధ్రాలు వేసి లోపలికి రెజిన్ ఎక్కించి బాగుచేస్తారు, ఆగవచ్చు. కానీ ముందు అది పొడిగా ఉందో లేదో తేల్చుకోవాలి.

గోడ కాగితం ఉబ్బింది చూశారూ, అది ఆగదు. ఆ వెనక నీళ్ళు చేరాయి. పైన అంచు పట్టీలోనో కిటికీ చుట్టూనో వెనక లైటు దగ్గరో సీలెంట్ ఎండిపోయి పగిలి ఉంటుంది, వాన పడ్డప్పుడల్లా చుక్క చుక్క లోపలి చెక్కలోకి దిగుతుంది. చలికాలం అయ్యేదాకా ఆగితే ఆ చెక్క కుళ్ళుతుంది, గడ్డకట్టి కరిగినప్పుడల్లా పగులు ఇంకాస్త వెడల్పవుతుంది. చెమ్మ కొలిచే మీటరు పెట్టి చూపించండి. 15 శాతం లోపు ఉంటే మంచిది, 15 నుంచి 20 అయితే కన్నేసి ఉంచాలి, 20 దాటితే ఎక్కడినుంచి వస్తోందో వెతికి తీరాలి, 30 పైన ఉంటే చెక్క మార్చే ఖర్చుకి సిద్ధపడండి. పైన ఏదో ఒక సీలెంట్ పూసి ఊరుకోవడం పనికిరాదు, అప్పటికే లోపలున్న నీళ్ళకి బయటికొచ్చే దారి కూడా మూసినట్టవుతుంది. పట్టీ విప్పి, పాతది గీకేసి, ఆరనిచ్చి, కొత్త బ్యుటైల్ సీలెంట్ వేసి బిగించాలి. అది ఎండ రోజు చేసే పని, అందాకా ఆ మూలకి పైనుంచి నీళ్ళు పడకుండా ఏదైనా చాటు పెట్టండి.

ప్రశ్న: సెలవులకి అత్తయ్యావాళ్ళూ, ఆడపడుచు పిల్లలూ వస్తున్నారు. ఇంట్లో చోటు చాలదు. కారవాన్‌లో ఇద్దరు పడుకోవచ్చంటారా? ఇప్పుడే నీళ్ళన్నీ తీసేసి, పరుపులు లోపల పెట్టుకున్నాం.

జవాబు: పడుకోవచ్చు, పిల్లలకైతే పండగే. నీళ్ళు మాత్రం మళ్ళీ నింపకండి. బాత్రూం ఇంట్లోదే వాడుకోమనండి, తాగడానికి ఒక సీసా ఇవ్వండి. రెండు రాత్రుల కోసం మొత్తం నింపి, మళ్ళీ మొత్తం తీసే ఓపిక చాలామందికి రెండోసారి ఉండదు, ఆ బద్ధకం వల్లే పైపులు పగులుతాయి.

పరుపులు పడుకునే రోజు మధ్యాహ్నమే తీసుకెళ్ళి వేడి పట్టించండి. వేడికి కరెంటు హీటరైతే ఇంటి ప్లగ్గుకి లాగిన తీగ చుట్ట పూర్తిగా విప్పాలి, చుట్టిన మీదే పెద్ద హీటరు నడిపితే తీగ కరుగుతుంది. ఆ ప్లగ్గుకి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీడీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఉండాలి. బండిలో బిగించిన గ్యాస్ హీటరు వాడేట్టయితే సిలిండరులో ఉన్నది ప్రొపేనో బ్యూటేనో చూసుకోండి, బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం మానేస్తుంది, అర్ధరాత్రి హీటరు ఆరిపోయి అందరూ ఇంట్లోకి పరిగెడతారు. ప్రొపేన్ మైనస్ 42 దాకా పనిచేస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ అలారం బటన్ నొక్కి, మోగుతోందో లేదో వాళ్ళు పడుకునే ముందు మీరే చూడండి, రేపు చూద్దాం అనుకునే వస్తువు కాదు అది. తడి బూట్లూ కోట్లూ లోపల ఆరెయ్యొద్దని పిల్లలకి చెప్పండి, పైన ఒక కిటికీ వేలెడు తెరిచి ఉంచమనండి, చలి అంటారు, అయినా సరే.

పొద్దున్న కిటికీల మీద నీళ్ళు కారుతుంటే అది వాళ్ళ ఊపిరే, కంగారు పడకండి. గుడ్డతో తుడిచి, అరలన్నీ తెరిచి, వాళ్ళు వెళ్ళిపోయిన రోజున పరుపులు మళ్ళీ ఇంట్లోకి తెచ్చేసుకోండి.